ముందు వదిలిన రోడ్డు

మా పక్కింటి టీచరుగారు పోయారు. వరద రోజుల్లో, పొద్దున్నే కాఫీ కలుపుకుంటూ వంటింట్లోనే కూలబడిపోయారట. ఆ కబురు నాకు విశాఖపట్నంలో, హాస్టల్ మెస్‌లో ఉప్మా పళ్ళెం ముందు కూర్చుని ఉండగా తెలిసింది. ఫోను చేసింది టీచరుగారి ఒక్కగానొక్క కూతురు. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆమెను నేను అక్కా అనే పిలుస్తాను. విశాఖలోనే ఒక ఆసుపత్రిలో నర్సు.

"అమ్మ పోయిందే," అంది.

తెలుగు ఎం.ఏ. చదువుతున్నాను. కొత్త మాట ఎక్కడ వినపడినా రోజంతా నోట్లో పెట్టుకుని చప్పరించే రకాన్ని. ఆ నిమిషంలో నా దగ్గర ఒక్క మాట కూడా లేదు.

"మధ్యాహ్నానికల్లా కానిచ్చేద్దాం అంటున్నారు మావయ్య," అంది అక్క మళ్ళీ. "సాయంత్రానికి కాజ్‌వే మీదకి నీళ్ళెక్కేస్తాయంట. మీ బావేమో దుబాయ్‌లో. నా చేతులు తాళం పట్టుకోడానికే ఒణుకుతున్నాయి. మా కారు నువ్వు నడుపుతావా?"

"టాక్సీ చూడనా అక్కా?"

"తెలీని డ్రైవరు పక్కన కూచుని ఏడవలేనే."

మాది లంక. పి.గన్నవరం దాటాక, గోదావరి పాయకు అవతల ఉన్న ఊరు. ఒడ్డు నుంచి ఊళ్ళోకి కాజ్‌వే ఒక్కటే దారి. నది పెరిగితే మొట్టమొదట మునిగేది అదే. మునిగిన తొలి రోజు ఉద్ధృతికి పడవలు కూడా వదలరు. అంటే, ఆ నీళ్ళకంటే ముందు మేం చేరకపోతే అక్క తన తల్లి ముఖం చూడదు. పళ్ళెం అలాగే వదిలేసి, చెయ్యి సగం కడుక్కుని పరుగెత్తాను.

నాకు కారు నేర్పింది టీచరుగారే. ఆవిడ మా హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాక, అమలాపురంలో కుర్రాళ్ళ మధ్య కూర్చుని డ్రైవింగు నేర్చుకున్నారు. పాత తెల్ల కారు ఒకటి కొన్నారు. చెప్పులు తీసి సీటు కింద పెట్టుకుని ఒట్టి కాళ్ళతో నడిపేవారు. లంకలో ఎవరికి నొప్పులొచ్చినా, ఎవరి పిల్లల పరీక్షా కేంద్రం దూరంగా పడినా ఆ కారే కదిలేది. కదిలేది అనడమే సబబు. వెనకనుంచి వచ్చిన ఆటోలు, పాల బళ్ళు, స్కూలు పిల్లల సైకిళ్ళు కూడా దాటిపోయేవి.

"తొయ్యమంటారా టీచర్‌గారూ?" అని అరిచేవారు సైకిళ్ళమీది పిల్లలు.

"తొయ్యక్కర్లేదు నాయనా. కాస్త దూరంగా ఉండు, చాలు."

నిజానికి ఆవిడ మరీ నిదానంగా ఏమీ నడిపేవారు కాదు. ముందు బండికీ మా బండికీ మధ్య ఆవిడ వదిలే ఖాళీ చూసి అందరూ అలా అనుకునేవారు. మా నాన్న కువైట్‌లో డ్రైవరు. సెలవుకి వచ్చినప్పుడు ఒకసారి ఆ కారులో ముందు సీట్లో కూర్చుని, రాజోలు వెళ్ళేదాకా లేని యాక్సిలరేటర్ను కుడికాలితో తొక్కుతూనే ఉన్నాడు.

"టీచరుగారూ, ఆ ఖాళీలో డాబా ఇల్లు కట్టుకోవచ్చండీ," అన్నాడు చివరికి ఉండబట్టలేక.

"కట్టుకోండి బాబూ. మనుషులు బతకడానికే గదా వదిలేనూ."

"అక్కడ ఆరు లైన్ల రోడ్డు మీద నడిపేవోణ్ణండి నేను."

"ఆయ్. ఇక్కడ రోడ్డుకి అటూ ఇటూ కాలవలేనండి."

నాన్న కాలవ వైపు ఒకసారి చూశాడు. కాలు మాత్రం ఆగలేదు.

ఈ అలవాటు ఆవిడకు రోడ్డు మీదే కాదు. బ్యాంకులో, రేషను దగ్గర, చర్చిలో ప్రభువు బల్ల దగ్గరకు వెళ్ళే వరసలో, ఎక్కడైనా ముందు మనిషికి బారెడు దూరంలో నిలబడేవారు. చూసినవాళ్ళకు వరసలో ఉన్నారో లేదో తెలిసేది కాదు. "లైన్లో ఉన్నారాండీ?" అని అడిగి, జవాబు పూర్తికాకుండానే మధ్యలోకి దూరేవారు. "ఉన్నానండి, మీరెళ్ళండి," అని ఇంకో అడుగు వెనక్కి వేసేవారు ఆవిడ. అందరికంటే ముందు వెళ్ళి అందరికంటే వెనక వచ్చేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది. నేను పుట్టుకతోనే తొందర మనిషిని. మా అమ్మ అన్నం వడ్డిస్తుండగానే కలపడం మొదలెడతాను. నేను రాసిన వ్యాసాలు చదివి టీచరుగారు అనేవారు: "ఒక వాక్యం దిగకుండానే ఇంకోటి ఎక్కించేస్తున్నావే. చదివేవాడికి ఊపిరాడొద్దూ?"

డ్రైవింగు పాఠం కూడా వాక్యంతోనే చెప్పారు. మొన్న వేసవి సెలవుల్లో, రావులపాలెం దగ్గర హైవే ఎక్కించి, పక్కన కూర్చున్నారు.

"ముందు లారీ ఆ స్తంభం దాటిందా? ఇప్పుడు అను."

అనవలసిన వాక్యం ఇది: "మీరు ముందు వెళ్ళండి, మాకేం తొందర లేదండి." వాక్యం పూర్తయ్యాకే మా కారు ఆ స్తంభం దగ్గరకు రావాలి. ముందే వచ్చేస్తే లారీకి మరీ దగ్గరగా ఉన్నట్టు. వాన పడుతుంటే రెండుసార్లు అనాలి. ఇలాంటి లెక్కను సెకన్లలో చెబుతారని తర్వాత ఎక్కడో చదివాను. మా గోదావరి మనిషి కదా, ఆవిడ దాన్ని మర్యాదలో చెప్పారు.

నేను గబగబా అనేశాను. కారు స్తంభం చేరకముందే అయిపోయింది.

"చూసేరా టీచరుగారూ, చాలా దూరం ఉంది!"

"చివర 'అండి' మింగేసేవు."

"అబ్బా, ఒక్క అండికి ఏమవుద్దండీ?"

"ఆ ఒక్క అండి అనేలోపే కాలు బ్రేకు మీదకి వచ్చేది. మళ్ళీ అను. ఎదురుగా మీ తాతగారు నిలబడ్డట్టు అను."

అలా ఎండలో ఎన్ని లారీలకు మర్యాద చేశానో. దూరం ఉంచిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఆ ఖాళీలోకి దూరేవారు. ఆవిడ నన్ను మళ్ళీ వెనక్కి తగ్గమనేవారు. "వాడు దూరితే మనకేం పోయింది? ఒక కారంత దూరం పోయింది. మళ్ళీ వదులు. రోడ్డేమైనా అయిపోతుందా?" ఒకసారి ఒక బస్సు వెనకనుంచి మా మీదికే వచ్చేస్తూ హారన్ మోగిస్తుంటే నేను కంగారుపడి వేగం పెంచబోయాను. ఆవిడ నా మోచెయ్యి తట్టారు. "వాడు వెనక దూరం ఉంచట్లేదంటే, వాడి వంతు దూరం కూడా మనమే మన ముందు ఉంచాలి. అప్పుడు మనం మెల్లిగా ఆగొచ్చు. మనం మెల్లిగా ఆగితే వాడూ ఆగుతాడు."

ఇంత జాగ్రత్త చూసి, అడగకుండా ఉండలేకపోయాను. "మీవాళ్ళెవరైనా రోడ్డు మీద పోయేరా టీచరుగారూ?"

"ఎవరూ పోలేదే. పోయేకే నేర్చుకోవాలా ఏంటీ?" అన్నారు.

ఇదంతా ఆ రోజు అనకాపల్లి దాటేదాకా నా తలలో తిరుగుతూనే ఉంది. అక్క పక్క సీట్లో చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. వాన పట్టుకుంది. హైవే మీద లారీలు, కంటెయినర్లు, గ్యాసు ట్యాంకర్లు, తీరిక లేని కార్లు. వైపర్లు ఎంత కొట్టినా అద్దం తేటపడడం లేదు. నేను లోపల్లోపల వాక్యం రెండేసిసార్లు అనుకుంటున్నాను. ఖాళీ వదులుతున్నాను. ఎవరో దూరుతున్నారు. మళ్ళీ వదులుతున్నాను.

"ఎంతమంది దూరిపోయేరో చూసేవా?" అంది అక్క ఉన్నట్టుండి. "మనం ముందుకెళ్తున్నామా వెనక్కెళ్తున్నామా?"

"ముందుకే అక్కా."

"పోనియ్యవే బాబూ. నీకు దణ్ణం పెడతాను."

ఫోను మోగింది. ఊళ్ళో దగ్గరుండి అన్నీ చూస్తున్న అక్క మేనమామ, అంటే టీచరుగారి తమ్ముడు. స్పీకరు పెట్టింది.

"ఎక్కడికొచ్చేరమ్మా?"

"తుని రాలేదింకా మావయ్యా."

"రండి, రండి. కంగారు పడకండి. కొంచెం తొందరగా రండి," అన్నాడాయన. రెండూ ఎలా కుదురుతాయో ఆయనకే తెలియాలి. "పెద్ద గోదావరి బాగా వస్తోందంట. పాస్టరుగారు కూడా వచ్చేసేరు."

అక్క ఫోను పెట్టేసి నా వైపు చూసింది. ఆ చూపు నేను భరించలేకపోయాను. కాలు దానంతటదే నొక్కుకుంది. ముందున్న కంటెయినరు వెనక తలుపులు దగ్గరకొచ్చాయి, గొళ్ళేలకు పట్టిన తుప్పు కనిపించేంత దగ్గరకు. నా నోట్లో వాక్యం మొదలై, 'మీరు ముందు' దగ్గరే ఆగిపోయింది. స్తంభం వచ్చేసింది. అప్పుడు తెలిసింది నాకు, ఎంత దగ్గరగా ఉన్నానో. కాలు తీసేశాను. కంటెయినరు మెల్లిగా చిన్నదయింది. ఆ ఖాళీలోకి ఒక ఎర్ర కారు రివ్వున దూరింది. వెనక అద్దంలో ఒక ప్రైవేటు బస్సు ముఖం నిండా కనిపిస్తోంది, లైట్లు కొడుతూ. నేను ఇంకా వెనక్కి తగ్గాను.

"ఏం చేస్తున్నావే నువ్వు!" అక్క అరిచింది. "అక్కడ మా అమ్మ... నీ అమ్మయితే ఇలాగే నడుపుతావా?"

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాటిని తుడుచుకోవడానికి కూడా చెయ్యి తియ్యలేదు.

కొంతదూరం పోయాక, వానలో, ముందు వరసంతా బ్రేకు లైట్లతో ఒక్కసారి ఎర్రబడింది. ఎక్కడో ముందు, లైట్లు లేకుండా ఒక లారీ రోడ్డు మధ్యలో చెడిపోయి ఆగి ఉందని తర్వాత తెలిసింది. కంటెయినరు ఆగింది. ఎర్ర కారు చక్రాలు జారి, పక్కకు తిరిగి, దాని మూలను గట్టిగా గుద్దుకుని ఆగింది. నేను బ్రేకు నొక్కాను. గట్టిగా కాదు, నొక్కుతూ, నొక్కుతూ. కారు ఆగిపోయింది. వెనక బస్సు బ్రేకులు కీచుమంటూ సాగి, మా వెనక అద్దంలోకి తొంగిచూసినట్టుగా వచ్చి, అదీ ఆగింది.

ఎర్ర కారులోంచి ఒకతను దిగాడు. దెబ్బలేమీ తగల్లేదు. నలిగిన బానెట్ మీద చెయ్యి పెట్టుకుని వానలో అలాగే నిలబడ్డాడు. అతనికీ మాకూ మధ్య ఇంకా తడి రోడ్డు మిగిలి ఉంది. వాన చినుకులు దానిమీద ఎగిరి పడుతున్నాయి. అక్క ఆ రోడ్డునే చూస్తూ ఉండిపోయింది.

బస్సు డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, మా పక్కకు వంగి అరిచాడు: "ఏవమ్మా! ముందు అంత ఖాళీ పెట్టుకుని ఇక్కడాపేవేంటీ? జరుగూ!"

అక్కకు ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆ నవ్వులోంచే, పొద్దుటి నుంచీ రాని ఏడుపు వచ్చేసింది. డాష్‌బోర్డు మీద తల పెట్టి ఏడ్చింది. "మా అమ్మకి రోజూ ఇవే తిట్లే," అంది మధ్యలో. "నేనూ తిట్టేదాన్ని. 'నీతో కారెక్కితే ముసిలిదాన్నైపోతానమ్మా' అనేదాన్ని. 'అవ్వాలనే గదే' అనేది."

ఆ మాట నేను ఎప్పుడూ వినలేదు. అక్కకు మాత్రమే చెప్పిన మాట అది. ఆ వానలో, ఆగిపోయిన లారీల మధ్య, టీచరుగారు నాకు మళ్ళీ కొంచెం కొత్తగా తెలిశారు. మనం బాగా ఎరుగుదుం అనుకున్న మనిషి కూడా ఇలా అక్కడో ముక్క, ఇక్కడో ముక్క ఒక్కొక్కరికి పంచిపెట్టి వెళ్ళిపోతారేమో.

అక్కడ చాలాసేపు పోయింది. చెడిపోయిన లారీని పక్కకు లాగేదాకా ఎవరూ కదల్లేదు. హారన్లు మోగుతూనే ఉన్నాయి. మావయ్య మళ్ళీ చేశాడు. నీళ్ళు కాజ్‌వే అంచు తాకుతున్నాయన్నాడు. మళ్ళీ చేశాడు. పైకి ఎక్కుతున్నాయన్నాడు. నేను స్టీరింగు మీద వేళ్ళతో కొట్టుకుంటున్నాను. దిగి పరుగెత్తాలనిపిస్తోంది. పరుగెత్తితే మాత్రం ఎక్కడికి? అక్క నా చేతి మీద చెయ్యి వేసింది.

"ఇందాక అన్న మాట మనసులో పెట్టుకోకే," అంది.

"లేదక్కా."

"అమ్మ నేర్పినట్టే నడుపు. ఎప్పటికి చేరితే అప్పటికే."

నేను అలాగే నడిపాను. అలాగే అంటే ప్రశాంతంగా అని కాదు. ప్రతి మలుపులోనూ, ప్రతి టోలుగేటు దగ్గరా తొందర నా భుజం మీద కూర్చునే ఉంది. దానితోపాటే నడిపాను. తొందర లేనివాళ్ళకు ఆ వాక్యంతో పనేముంది? టీచరుగారికి మాత్రం తొందర ఉండేది కాదా? నొప్పులు పడుతున్న పిల్లను వెనక సీట్లో పడుకోబెట్టుకుని అమలాపురం వెళుతున్నప్పుడు ఆవిడ లోపల ఏముండేదో ఇప్పుడు అడగడానికి లేరు. ఇన్నాళ్ళూ ఆవిడ నెమ్మదైన మనిషి అనుకున్నాను. ఎంత తొందరను ఒట్టి కాళ్ళ కింద అదిమిపెట్టుకుని నడిపారో.

జొన్నాడ బ్రిడ్జి ఎక్కాం. గోదావరి ఎర్రగా, గట్టు నుంచి గట్టుకు ఒకటే నీళ్ళు. చెట్ల మొదళ్ళు, గుర్రపుడెక్క గుంపులు కొట్టుకొస్తున్నాయి. రావులపాలెం దగ్గర హైవే దిగి కొత్తపేట రోడ్డు పట్టాం. కొబ్బరి తోటలు, నిండు కాలవలు, అరుగుల మీద నిలబడి టీవీలో వరద చూస్తున్న మనుషులు. కారు ఆపకుండానే తెలిసిపోతోంది మాకు. మా ఒడ్డుకి వెళ్ళే రోడ్డులో సామాన్లతో ఎదురొస్తున్నవాళ్ళే గానీ, మాతోపాటు వెళుతున్నవాళ్ళు లేరు.

రోడ్డు నీళ్ళలోకి దిగిపోయి ఉంది.

కాజ్‌వే లేదు. ఉండాల్సినచోట ఎర్రటి నీళ్ళు అడ్డంగా జారిపోతున్నాయి. ఒడ్డున తాడు కట్టారు. అవతల మా ఊరి కొబ్బరిచెట్లు, చర్చి శిలువ, మా మేడ మీద ఆరేసి మర్చిపోయిన దుప్పటి కూడా కనిపిస్తున్నాయి. అంత దగ్గర. అక్క చెప్పులు కారులోనే వదిలి దిగి, తాడు పట్టుకుని నిలబడింది. ఏడవలేదు. నేను దిగలేకపోయాను. నేను ఖాళీ వదిలిన ఆ వంద చోట్లలో ఎక్కడైనా, ఏ ఒక్క కారునైనా దూరనివ్వకుండా ఉంటే ఈ నీళ్ళకంటే ముందు వచ్చేవాళ్ళమా? ఈ ప్రశ్న ఇప్పటికీ నాతో ఉంది. దానికి జవాబు నాకు తెలియదు. ఆ ఎర్ర కారు చోట మేం ఉండేవాళ్ళమని మాత్రం తెలుసు.

ఫోను మోగింది.

"ఎక్కడున్నారమ్మా?" నీళ్ళ హోరుకి మావయ్య అరుస్తున్నాడు, కారులో ఉన్న నాకూ వినిపిస్తోంది.

"ఒడ్డున, మావయ్యా. నీళ్ళు..."

"అక్కడే ఉండండి. దిగొద్దు. సమాధుల తోటలోకి కూడా నీళ్ళొచ్చేసేయమ్మా. ఇక్కడ గొయ్యి తియ్యడానికి లేదు. మీరున్న ఒడ్డున, చర్చి వాళ్ళ మెరక స్థలం ఉంది గదా, అక్కడికే తీసుకొచ్చేద్దాం అనుకున్నాం. ఎత్తు ట్రాక్టరు దొరికింది. బయల్దేరేం."

అక్క ఫోను చెవి దగ్గర నుంచి తియ్యడం మర్చిపోయింది. నేను కారు దిగి వెళ్ళి ఆమె పక్కన నిలబడ్డాను. అవతలి ఒడ్డున కొబ్బరిచెట్ల మధ్యనుంచి ట్రాక్టరు నీళ్ళలోకి దిగింది. దానికి ముందు ఒకతను నడుముకి తాడు కట్టుకుని, వెదురు గడతో మునిగిన రోడ్డు అంచు వెతుక్కుంటూ నడుస్తున్నాడు. వెనక తగిలించిన ట్రక్కులో మా అమ్మ, మావయ్య, పాస్టరుగారు, ఇంకో నలుగురైదుగురు. మధ్యలో తెల్లగుడ్డ కప్పిన పెట్టె. వాన పడకుండా దానిమీద మా అమ్మ గొడుగు పట్టుకుని నిలబడింది. తను తడిసిపోతోంది.

ట్రాక్టరు చాలా మెల్లిగా వస్తోంది. దాని పెద్ద చక్రాలు లేపిన అలలు అంతకంటే ముందే మా వైపు వచ్చాయి. తాడు కిందనుంచి జారి, తారు మీదకు పాకి, అక్క ఒట్టి పాదాలను తడిపి వెనక్కి వెళ్ళాయి. మళ్ళీ వచ్చాయి.